సైకిల్ షాపుకి రద్దీ లేనప్పుడే రండి

“రేపే స్కూళ్లు తెరుస్తున్నారక్కా, ఈ రాత్రికే సైకిల్ కావాలి” అంటూ, షట్టర్ సగం దించేశాక ఒకాయన వంగి లోపలికి వచ్చారు. వెనకే తొమ్మిదేళ్ల పాప. అప్పటికి నా ముందు 14 సైకిళ్లు వరుసలో ఉన్నాయి. చేతుల నిండా గ్రీజు, పొద్దున్నుంచి కూర్చున్నది లేదు. మూలన ఆ మధ్యాహ్నమే ఎక్స్చేంజ్‌లో వచ్చిన ఎర్ర సైకిల్ ఒకటి ఉంది. వెనక చక్రం విప్పి చూడాలని పక్కన పెట్టిందే అది. పాప సరిగ్గా దాన్నే పట్టుకుంది. గాలి కొట్టి, బ్రేకులు బిగించి, ఇచ్చి పంపించేశాను. నాలుగో రోజు తండ్రి సైకిల్‌ని నడిపించుకుంటూ, పాప బ్యాగు మోసుకుంటూ వచ్చారు. వెనక ఇరుసు కోను (గోళీలని పట్టి ఉంచే నట్టు) లూజై, లోపలి గోళీలు నలిగిపోయి, చక్రం ఫ్రేముకి రాసుకుంటోంది. ఆయన ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టుంటేనే బాగుండేది.

తప్పు నాదే. కాకపోతే అదే సైకిల్ ఇంకో నెలలో వచ్చి ఉంటే ఆ చక్రం విప్పకుండా నేను అమ్మేదాన్ని కాదు. మావయ్య దగ్గర పని నేర్చుకుని, కొత్తవీ పాతవీ అమ్మే షాపులో 22 ఏళ్లుగా ఉన్నాను. పాత సైకిళ్ల వైపు అంతా నాదే. (“మెకానిక్ లేరామ్మా?” అని ఇప్పటికీ అడుగుతారు. పానా చూపిస్తాను.) ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, షాపుకి ఏ కాలంలో వచ్చారన్నదాన్ని బట్టే మీకు దొరికే సైకిల్, జరిగే పని ఉంటాయి. ఆ కాలాలు ఎలా తిరుగుతాయో, ఎప్పుడు వచ్చి ఏం చూసుకోవాలో చెప్తాను.

షాపు క్యాలెండర్

సెలవులు మొదలయ్యే ముందు ఒక రద్దీ. స్కూళ్లు తెరిచే ముందు వారం దాన్ని మించింది. తొలి వానలతో పంక్చర్లు, పట్టని బ్రేకులు. వానలు వెనకపడ్డాక తుప్పు పట్టిన చైన్లు. చలి ముదిరాక ఖాళీ. ఎండా వానా ఎలా ఉన్నా, కొత్త మోడళ్లు వచ్చే ముందు గోడకి వేలాడే పాత స్టాకుని వదిలించుకునే రోజులు కొన్ని ఉంటాయి. ఏ ఊళ్లో ఏ నెల అన్నది అక్కడి ఎండల్ని, వానల్ని, స్కూళ్లని బట్టి మారుతుంది గానీ వరుస మాత్రం మారదు.

ఖాళీ కాలం అంటే షాపు నిద్రపోతుందని కాదు. విమానం కనిపెట్టిన రైట్ సోదరులు 1892లో అమెరికాలోని డేటన్‌లో సైకిల్ షాపు పెట్టారు, 1896 నుంచి సొంతంగా సైకిళ్లు తయారుచేశారు. 1900లో గ్లైడర్ (ఇంజన్ లేని విమానం) పట్టుకుని ఎగిరే ప్రయోగాలకి సముద్రతీరంలోని కిటీ హాక్‌కి వెళ్లింది సెప్టెంబరులో, సైకిళ్ల సీజన్ సద్దుమణిగాక. మరుసటి ఏడాది సీజన్ మధ్యలోనే వెళ్లాల్సి వచ్చి, షాపు చూసుకోవడానికి చార్లీ టేలర్ అనే మెకానిక్‌ని పెట్టుకున్నారు. 1903 డిసెంబరు 17న ఎగిరిన విమానానికి ఇంజన్ తయారుచేసింది ఆయనే. మా షాపులో ఖాళీ కాలంలో విమానాలేం రావు. కానీ ఓవర్‌హాలింగ్ తీరిగ్గా జరిగేది, చక్రం బెండు చివరి మిల్లీమీటరు దాకా తీసేది అప్పుడే.

కాబట్టి మొదటి సూత్రం సులువు. కొనాలన్నా, రిపేరు చేయించాలన్నా జనం రాని కాలంలో రండి. అమ్మాలంటే మాత్రం జనం రావడానికి నెల ముందు రండి. కాలం కుదరకపోతే కనీసం పూటైనా చూసుకోండి. సాయంత్రం ఆరింటికి వచ్చి “ఐదు నిమిషాల పనే” అనేవాళ్లు రోజుకి పది మంది ఉంటారు. మధ్యాహ్నం మూడింటికి వస్తే మీ సైకిల్ స్టాండు మీదకి ఎక్కుతుంది, మీకు కూర్చోవడానికి స్టూలు కూడా దొరుకుతుంది.

కొత్తది కొనేటప్పుడు మోడల్ సంవత్సరం కోసం ఆరాటపడక్కర్లేదు. చాలాసార్లు కొత్త ఏడాది మోడల్‌లో మారేది రంగు, స్టిక్కర్లు. పోయిన ఏడాదిది ఇంకా మిగిలుందా అని అడిగి చూడండి. కాకపోతే మిగిలిన వాటిలో మీ సైజు ఉంటేనే. సైజు లేని సైకిల్‌ని తగ్గింపు చూసి కొన్నవాళ్లు రెండేళ్లకి దాన్ని నా దగ్గరికే తెస్తారు, టైర్ల మీద నూగు కూడా పోకుండా.

రిపేరుకి ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలి

“ఏదో సౌండొస్తోంది, చూడండి” అంటే నాకు అరగంట వెతుకులాట. ఆ అరగంట రద్దీ కాలంలో దొరకదు, దాంతో సౌండు అలాగే ఇంటికి తిరిగొస్తుంది. మీరే ముందు ఒక పరీక్ష చేసుకుని రండి. ఖాళీ రోడ్డు మీద కాస్త వేగం అందుకుని తొక్కడం ఆపేయండి. సౌండు ఆగిపోతే లోపం పెడల్స్‌లోనో, క్రాంకులోనో (పెడల్ తగిలించే కడ్డీ), చైనులోనో ఉంటుంది. తొక్కకపోయినా వస్తూనే ఉంటే చక్రాల్లో, బ్రేకుల్లో, మడ్‌గార్డులో వెతకాలి.

తొక్కినప్పుడే వచ్చేదైతే లెక్కపెట్టండి. పెడల్ చుట్టుకి ఒకసారి ఠక్ మంటే పెడలో, క్రాంకో. రెండున్నర చుట్లకి ఒకసారి తగులుతుంటే చైనులో ఒక లింకు బిగుసుకుంది. ఎందుకంటే చైనులో సుమారు 110 లింకులు ఉంటాయి. ముందు పళ్లచక్రానికి 44 పళ్లుంటే, ఆ లింకు మళ్లీ అదే చోటికి రావడానికి రెండున్నర చుట్లు పడుతుంది. ఒకాయన ఈ లెక్కతో వచ్చి “లింకు బిగుసుకుందమ్మా” అన్నారు. రెండు నిమిషాల్లో పిన్ను వదులు చేసి పంపించాను. కూర్చుంటేనే సౌండు వచ్చి, లేచి తొక్కితే ఆగిపోతోందంటే సీటు కింద చూడండి. కిర్రు కిర్రు అని “ఇంజన్లోంచి” వచ్చే సౌండ్లలో చాలా వాటికి మూలం సీటు గొట్టమే.

చైను అరుగుదల మీరే కొలుచుకోవచ్చు, స్కేలు చాలు. చైను పిన్నుకీ పిన్నుకీ మధ్య అర అంగుళం. ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకులు కొలిస్తే కచ్చితంగా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే చైను మార్చే టైమ్ అయింది. ఎనిమిదో వంతు దాకా సాగిందంటే వెనక ఫ్రీవీల్ (వెనక పళ్లచక్రం) పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి, ఒక్క చైను మారిస్తే జారుతుంది. ఈ కొలత చెప్పి వచ్చేవాళ్లకి నేను చైను అంటగట్టలేను. అంటగట్టననుకోండి, కానీ అనుమానం ఎందుకు మిగల్చాలి.

టైరు మార్చాలనుకుంటే “26 టైరు ఇవ్వండి” అనకండి. 26 అంగుళాలు అని చెప్పుకునే టైర్లలో ఒకదానికి మరొకటి పట్టని రకాలు చాలానే ఉన్నాయి. పాత టైరు పక్కన చిన్న అక్షరాల్లో 50-559 లాంటి అంకె ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. లావు టైర్ల సైకిళ్లకి 559, పాతకాలపు సన్న టైర్లలో 26 × 1 3/8 అయితే 590. 31 మిల్లీమీటర్ల తేడా అది, ఎంత లాగినా ఎక్కదు. ఇంకో తమాషా, 700సి అన్నా 29 అన్నా రెండూ 622యే. ఆ రెండో అంకెని ఫోన్లో ఫొటో తీసుకుని రండి, మిగతాది మా పని.

పిల్లల సైకిల్

స్కూల్ సీజన్‌లో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే మాట “కాస్త పెద్దదే ఇవ్వండి, రెండేళ్లు వస్తుంది” అన్నది. చెప్పులకి చెల్లుతుందేమో, సైకిల్‌కి చెల్లదు. ఆగినప్పుడు కాలు నేలకి అందకపోతే పిల్ల పక్కకి వాలిపోతుంది. బ్రేకు లీవరు వేళ్లకి అందకపోతే కాళ్లతో ఆపడం అలవాటు చేసుకుంటుంది. వయసుని బట్టి చక్రం ఎంచుకోవడం ఉజ్జాయింపు మాత్రమే. 12 అంగుళాలు రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి, 16 నాలుగు నుంచి ఆరేళ్లకి, 20 ఆరు నుంచి తొమ్మిదేళ్లకి, ఆ పైన 24. అసలు కొలత పిల్లని ఎక్కించి చూడటమే. కొత్తగా నేర్చుకునేవాళ్లయితే సీటు మీద కూర్చుని రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి. వచ్చినవాళ్లయితే మునివేళ్లు ఆనితే చాలు. ఫ్రేము మీదుగా నిలబడినప్పుడు మధ్యన ఖాళీ ఉండాలి. లీవరు చూపుడువేలి మొదటి కణుపుకి అందకపోతే, లీవరు దగ్గరున్న చిన్న స్క్రూ తిప్పి దగ్గరికి తేవచ్చు. చాలా సైకిళ్లకి ఆ స్క్రూ ఉంటుంది, చాలామంది దాన్ని ఎప్పుడూ ముట్టుకోరు.

పక్క చక్రాలు వేయమని అడుగుతారు. నేను వేస్తాను గానీ ముందు ఇంకో దారి చెప్తాను. రెండు పెడల్స్ తీసేయండి, సీటు కిందికి దించేయండి, ఏ వాలూ లేని మైదానంలో పిల్లని కాళ్లతో తోసుకుంటూ పోనివ్వండి. 1817లో కార్ల్ డ్రైస్ చేసిన మొదటి రెండు చక్రాల బండికీ పెడల్స్ లేవు, పెద్దవాళ్లే కాళ్లతో తోసుకుంటూ పోయారు. బ్యాలెన్స్ కుదిరాక పెడల్స్ పెడితే తొక్కడం దానంతట అదే వస్తుంది. పక్క చక్రాలతో నేర్చుకునేది తొక్కడం మాత్రమే, పడకుండా ఉండటం కాదు.

పెడల్స్ తీసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. కుడి పెడల్ మామూలుగానే విప్పుకుంటుంది, ఎడమది మాత్రం రివర్స్ మర. గడియారం తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. ఇది తెలియక పానాకి గొట్టం తగిలించి మరీ బిగించేసినవాళ్లని చూశాను. పెట్టేటప్పుడు కూడా ముందు చేత్తోనే నాలుగు మరలు ఎక్కించండి. క్రాంకులో మర చెడిందంటే క్రాంకే మార్చాలి.

పాత సైకిల్‌ని చేతులతో చదవడం

కొత్త సైకిళ్ల రద్దీ అయిపోయిన రెండు మూడు వారాలకి పాతవి రావడం మొదలవుతుంది. ఇంట్లో కొత్తది వచ్చాక పాతది అడ్డమైపోతుంది కదా. అప్పుడు మా దగ్గర పాతవి ఎక్కువ, అడిగేవాళ్లు తక్కువ. సెకండ్ హ్యాండ్ కొనాలంటే అదే మంచి టైమ్. షాపులో కొన్నా, మనిషి దగ్గర నేరుగా కొన్నా ఇలా చూడండి. పనిముట్లు అక్కర్లేదు. పగటి వెలుతురు మాత్రం తప్పదు. ఎందుకో చెప్తాను.

పన్నెండేళ్ల క్రితం ఒక సాయంత్రం చీకటి పడ్డాక ఒక నల్ల సైకిల్ వచ్చింది. గేర్లు వెన్నలా మారుతున్నాయి, పెయింటు తళతళ. అమ్మే మనిషీ నా ఎత్తే, సీటు నాకు సరిగ్గా ఉంది. దాన్ని కదిపి చూడాలని తోచలేదు. కొనేశాను. మర్నాడు పొడుగాటి ఆయన ఒకరు కావాలన్నారు, సీటు పైకి లేపబోతే రాదు. అల్యూమినియం సీటు గొట్టం స్టీలు ఫ్రేములో తడికి తినేసుకుని ఒకటైపోయింది. చొచ్చుకుపోయే నూనె పోశాను, రెండు రోజులు ఆగాను, ఫ్రేముని బల్లకి బిగించి తిప్పాను. చివరికి రంపంతో లోపల నుంచి నిలువుగా కోసి ముక్కలుగా తీశాను. మణికట్టు నొప్పి వారం ఉంది. మావయ్య స్టూలు మీద కూర్చుని “సీటు లేపకుండా సైకిల్ కొంటారామ్మా ఎవరైనా?” అని రోజుకి రెండుసార్లు అన్నాడు. అప్పటి నుంచి నేను మొట్టమొదట చేసే పని సీటు లేపి దించడం. మీరూ అదే చేయండి. లేపినప్పుడు గొట్టం మీద గీసిన గుర్తు కనబడుతుంది. సీటుని ఆ గీత బయటికి వచ్చేంత పైకి లేపితేనే మీ కాలికి సరిపోతుందంటే ఆ ఫ్రేము మీకు చిన్నది.

తరవాత సైకిల్‌ని తిరగేయండి. క్రాంకు ఇరుసు ఉండే గొట్టం అడుగున సాధారణంగా ఫ్రేము నంబరు కొట్టి ఉంటుంది. దాన్ని అరగదీసో, దాని మీద ఒక్కచోటే పెయింటు పూసో ఉంటే ఇంకేం చూడక్కర్లేదు, వదిలేయండి. బాగుంటే బిల్లులో ఉన్న నంబరుతో పోల్చుకోండి. బిల్లు లేకపోతే ఎక్కడ కొన్నారు, ఎందుకు అమ్ముతున్నారు అని మామూలుగా మాట్లాడండి. సొంత సైకిల్ అమ్మేవాళ్లు ఆ ప్రశ్నలకి అడిగినదానికంటే ఎక్కువే చెప్తారు. మొదటిసారి ఎక్కడ పడ్డారో కూడా చెప్తారు.

ఫ్రేములో చూడాల్సిన చోటు హ్యాండిల్ కింద నుంచి క్రాంకు దాకా వాలుగా వచ్చే గొట్టం, అదీ హ్యాండిల్ దగ్గర అడుగు వైపు. సైకిల్ దేనికైనా ఎదురుగా గుద్దుకుంటే అక్కడ పెయింటు ముడతలు పడుతుంది. కంటికి కనబడకపోయినా వేలు పెట్టి రాస్తే తగులుతుంది. అతుకుల దగ్గర వెంట్రుకంత గీత కనబడితే గోరుతో తడమండి. గోరు పట్టుకుంటే అది గీత కాదు, పగులు. ముందు ఫోర్కుని (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్లు) పక్క నుంచి చూడండి, వెనక్కి వాలినట్టు ఉందా అని. ఫ్రేము పగులున్న సైకిల్ ఊరికే ఇచ్చినా వద్దు.

ఇక కీళ్లు. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. హ్యాండిల్ గొట్టం దగ్గర టక్ టక్ మంటే అక్కడ గోళీలుండే కప్పులు లూజు. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో ఎక్కడో పట్టినట్టు ఆగితే, కప్పుల్లో గోళీలు గుంటలు పెట్టేశాయి, మార్చాల్సిందే. చక్రాన్ని పై అంచు దగ్గర పట్టుకుని పక్కలకి ఊపండి. ఆ ఎర్ర సైకిల్‌కి నేను చేయని పని ఇదే, పది సెకన్లు పట్టేది. చక్రం కదిలితే కోన్లు లూజు. కదలకపోయినా, తిప్పినప్పుడు ఇసుక నలిగినట్టు ఉంటే గోళీలు అరిగాయి. క్రాంకుని పట్టుకుని ఫ్రేము వైపు లాగి చూడండి, అక్కడా అంతే.

చక్రం తిరుగుతుండగా బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు చూడండి. కాస్త అటూ ఇటూ పోతే బెండు తీయొచ్చు, భయం లేదు. గెంతినట్టు ఒక్కచోట పైకి లేస్తే రిమ్ము సొట్ట, అది పూర్తిగా పోదు. స్పోకులని రెండేసి చొప్పున వేళ్ల మధ్య నొక్కుతూ చుట్టూ పోండి, వదులుగా ఉన్నది చేతికి తెలుస్తుంది. రిమ్ము మీద పట్టే బ్రేకులైతే పక్క గోడ మీద వేలు పెట్టండి. లోపలికి గిన్నెలా గుంట పడితే రిమ్ము అరిగిపోయింది. అలాంటి రిమ్ము నిండా గాలి ఉన్నప్పుడు చీలిపోగలదు. డిస్కు బ్రేకులైతే నొక్కితే కీచుమంటూ సరిగ్గా ఆగకపోవడం తరచుగా నూనె అంటిన గుర్తు. ఆ ప్యాడ్లు మార్చడమే నయం. చైనుకి స్ప్రే కొడుతూ డిస్కు మీద కూడా కొట్టేసేవాళ్ల దయ వల్ల నాకు ఈ పని ఎక్కువే.

తుప్పు చూసి బెదిరిపోకండి. మడ్‌గార్డు మీద, స్టాండు మీద, మరల మీద తుప్పు తుడిస్తే పోతుంది. సీటు చిరిగినా, బెల్లు మోగకపోయినా, టైరు అరిగినా అవి మామూలు సరుకు. కొత్త సీటు కవరు, కొత్త గ్రిప్పులు, తాజా పెయింటు మాత్రం నాకు అనుమానం. ఆఖరున తొక్కి చూడండి. ఖాళీ రోడ్డు మీద ఒక్క క్షణం చేతులు తేలిక చేస్తే ఎప్పుడూ ఒకే వైపు లాగుతోందా? అన్ని గేర్లూ పడుతున్నాయా? లేచి గట్టిగా తొక్కితే చైను జారుతోందా? తిరిగొచ్చాక మార్చాల్సినవన్నీ వేళ్ల మీద లెక్కేసుకోండి. చైను, ఫ్రీవీల్, రెండు టైర్లు, రిమ్ము కలిపితే కొన్ని సైకిళ్లకి కొన్న ధర దాటిపోతుంది. ఆ లెక్క అమ్మేవాళ్ల ముందే మర్యాదగా చెప్తే ధర దానంతట అదే దిగుతుంది. నాతో చెప్పినా దిగుతుంది.

వానల్లో

తొలి వానకి వరసగా పంక్చర్లు ఎందుకొస్తాయంటే, తడి రబ్బరుని గాజుపెంకు తేలిగ్గా కోసేస్తుంది. పైగా నీళ్లు రోడ్డంచున ఉన్న చెత్తంతా మధ్యలోకి తెస్తాయి. మీరే పంక్చర్ వేసుకునేటట్టయితే ట్యూబు కంటే టైరు ముఖ్యం. లోపల చుట్టూ వేళ్లు మెల్లగా పోనివ్వండి, వేళ్లు కోసుకుంటాయనుకుంటే దూది ఉండతో తుడవండి, ముల్లు ఉన్నచోట పీచు పట్టుకుంటుంది. ఆ ముల్లు తీయకుండా ప్యాచ్ వేస్తే మర్నాడు మళ్లీ వస్తారు. చిల్లు ఎక్కడుందో కూడా కథ చెప్తుంది. పాము కాటులా పక్కపక్కనే రెండు గాట్లుంటే గాలి తక్కువగా పెట్టి గుంటలో దించారు. ట్యూబు లోపలి వైపు, రిమ్ముకి ఆనుకునే చోట ఉంటే రిమ్ము పట్టీ జరిగి స్పోకు మొన గుచ్చుకుంది.

తడిసి వచ్చిన సైకిల్‌ని అలాగే గోడకి ఆనించకండి. గుడ్డతో చైను తుడిచి, ఆరాక లింకుకో చుక్క నూనె వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలింది మళ్లీ తుడిచేయండి. నూనె పని చేయాల్సింది లింకు లోపల, బయట ఉన్నది మట్టిని పట్టుకోవడానికే. బ్రేకు రబ్బర్లలో ఇసుకరేణువులు దిగితే రిమ్ముని సానపట్టేస్తాయి, పిన్నీసుతో తీసేయండి. నెలకోసారి సీటు గొట్టం బయటికి లాగి సైకిల్‌ని తలకిందులు చేయండి. ఒక్కోసారి అర గ్లాసు నీళ్లు పడతాయి. గొట్టానికి పల్చగా గ్రీజు రాసి పెట్టండి. నల్ల సైకిల్ కథ చెప్పాను కదా. కార్బన్ ఫ్రేమైతే మామూలు గ్రీజు వద్దు, దానికి వేరే పేస్టు ఉంటుంది.

చలిలో, మూలన పెట్టేటప్పుడు

చలికి గాలి ముడుచుకుంటుంది. 30 డిగ్రీల ఎండలో 50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టిన టైరు 10 డిగ్రీలకి దాదాపు 46కి దిగుతుంది, చిల్లేమీ లేకుండానే. వాడకపోయినా నెలకోసారి గాలి కొట్టండి. ఒకే చోట బరువు పడి గాలి లేకుండా నిలబడితే టైరు పక్కలు పగులుతాయి. గేర్లున్నదైతే చైనుని చిన్న పళ్ల మీదకి దించి పెడితే స్ప్రింగుల మీద, కేబుళ్ల మీద లాగుడు తగ్గుతుంది. బ్యాటరీ సైకిలైతే బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకోండి, సగం ఛార్జితో ఉంచండి. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ పెడితే పాడవుతుంది. ఇంతకీ, మూలన పెట్టే ముందే ఓవర్‌హాలింగ్‌కి ఇస్తే మాకు పని, మీకు మొదటి ఎండకే సిద్ధంగా ఉన్న సైకిల్.

మీది అమ్మాలంటే

రద్దీకి నెల ముందు తెస్తే మాకు సరుకు కావాలి కాబట్టి మంచి ధర వస్తుంది. కడగండి, గాలి కొట్టండి, బిల్లు వెతకండి. పెయింటు వేయకండి, కొత్త భాగాలు కొని బిగించకండి, ఆ డబ్బు వెనక్కి రాదు. లోపాలు ముందే చెప్పేయండి. నేను ఎలాగూ కనుక్కుంటాను, చెప్పినవాళ్ల మాట మిగతా విషయాల్లోనూ నమ్ముతాను.

ఏది కొన్నా, కొత్తదైనా పాతదైనా, రెండు మూడు వారాలు తొక్కాక ఒకసారి వెనక్కి తీసుకురండి. బ్రేకు, గేరు కేబుళ్లు సర్దుకుని వదులవుతాయి, స్పోకులు కూడా. పావుగంట పని అది.

ఆ ఎర్ర సైకిల్‌కి ఆ రోజే కోన్లు, గోళీలు మార్చి, బెండు తీసి ఇచ్చాను, ఏమీ తీసుకోలేదు. రెండేళ్ల తరవాత అదే తండ్రీ కూతుళ్లు మళ్లీ వచ్చారు, దాన్ని ఇచ్చేసి పెద్దది తీసుకోవడానికి. స్కూళ్లు తెరవడానికి ఇంకా ఐదు వారాలుంది. మధ్యాహ్నం మూడైంది, షాపులో ఇంకెవరూ లేరు. నేను నీలం రంగుది ఒకటి దించి నిలబెట్టాను. పాప దాని మీద ఎక్కలేదు. ముందుగా సైకిల్ వెనక వైపుకి వెళ్లి, చక్రం పై అంచు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసింది.